పూజగదిలో రోజూ జరిగేదీ తంత్రమే

సంపాదకులకు,

చిల్లంగి, వశీకరణం పేరుతో డబ్బులు గుంజినవాడు పట్టుబడిన ప్రతిసారీ పత్రికలు వాడిని ‘తాంత్రికుడు’ అని రాస్తున్నాయి. దేవీపురంలో అమ్మవారి యంత్రమైన శ్రీచక్రాన్ని మూడంతస్తుల మేరువుగా, అంటే కొండ ఆకారంలో కట్టి కొలుస్తున్న మన విశాఖ ప్రాంతంలో, ఉపాసనా మార్గాన్ని చెప్పే ‘తంత్రం’ అన్న మాట ఇంత దిగజారడం బాధ కలిగిస్తోంది.

ఇంట్లో చేసుకునే పంచోపచార పూజే తంత్రానికి తొలిమెట్టు. గంధం పృథ్వి, పువ్వు ఆకాశం, ధూపం వాయువు, దీపం అగ్ని, నైవేద్యం జలతత్త్వమైన అమృతం. మన ఒంట్లో ఉన్నవీ ఈ పంచభూతాలే. గంధం పెడుతూ ‘లం’, పువ్వు వేస్తూ ‘హం’, ఆపైన వరసగా ‘యం’, ‘రం’, ‘వం’ అని ఆయా తత్త్వాల బీజాక్షరాలు అనుకోవడమంటే మనలోని ఆ తత్త్వాన్ని అమ్మవారికి అప్పగించడమే. ఒక్కో ఉపచారానికి నిదానంగా ఒక్క శ్వాస చాలు. చాలా ఇళ్లలో అగరుబత్తి, దీపం ఒకేసారి వెలిగించేసి, సహస్రనామం ఫోన్‌లో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతారు. పూజ అక్కడ, మనసు ఇక్కడ. అంతకంటే ఐదు ఉపచారాలు, ఏదో ఒక నామం 108 సార్లు, మొత్తం పావుగంట మేలు. మాలను మధ్యవేలి మీద ఉంచి బొటనవేలితో తిప్పాలి, చూపుడువేలు తగలకూడదు. మాల కొసనుండే మేరుపూస రాగానే దాటకుండా మాలను వెనక్కి తిప్పుకోవాలి. అలవాటయ్యాక గాజువాక బస్సులో కూర్చుని కూడా ఈ ఐదూ మనసులోనే సమర్పించుకోవచ్చు.

పలికే మాట జపం, చేతిపని ముద్ర, నడక ప్రదక్షిణ, తినేది ఆహుతి, పడుకోవడం ప్రణామం కావాలంటుంది సౌందర్యలహరి 27వ శ్లోకం. దీన్ని పట్టుకుని ‘ఇక పూజెందుకు’ అనేవారున్నారు. ‘ఆత్మార్పణదృశా’, అంటే తనను తాను అర్పించుకునే దృష్టితో అన్న షరతు ఆ శ్లోకంలోనే ఉంది. ఆ అర్పణ భావం పీట మీద కుదిరితేనే వంటింట్లోకీ, ఆఫీసులోకీ వస్తుంది.

వీడియోల్లో విని పంచదశి అనే పదిహేను అక్షరాల శ్రీవిద్యా మంత్రం జపించడం, పీల్చడం, బిగబట్టడం, వదలడం 1:4:2 లెక్కన చేస్తూ ఊపిరి ఆపడం మాత్రం వద్దు. ఇలా ఊపిరి బిగబట్టే కుంభకంలో తొందరపడితే తల తిరుగుతుంది, గుండెదడ వస్తుంది. రక్తపోటు ఉన్నవారికి మరీ ప్రమాదం. పంచదశి వంటి మంత్రాలకు గురూపదేశం ఉండి తీరాలి. నామజపానికీ, పంచోపచారాలకూ ఆ నియమం లేదు.

బురుజుపేట కనకమహాలక్ష్మికి భక్తులే తమ చేతులతో పసుపు కుంకుమలు వేసి పూజించుకుంటారు. మార్గశిర గురువారాల్లో క్యూల వివరాలతో పాటు ఈ ఐదు ఉపచారాల క్రమాన్నీ ప్రచురించండి. మోసం చేసినవాడిని మోసగాడనే రాయండి.

— ఒక శ్రీవిద్యోపాసకుడు, సీతమ్మధార, విశాఖపట్నం