డర్బన్‌లో పాలకొండ తాలూకా

మావయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ దక్షిణాఫ్రికాలో అందరం కులాసా. అత్తయ్య మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మీతో ఒక పని పడింది. ముందు సంగతి చెప్పనివ్వండి.

మా పక్క లైబ్రరీలో శనివారాలు పాత సంగతుల మీద ఉపన్యాసాలు పెడుతున్నారు. పండితులు కాదు, ఆ వీధుల్లో పుట్టి పెరిగినవాళ్లే చెబుతారు. మొన్న మేగజీన్ బారక్స్ గురించి. ఈ ఊరి మునిసిపాలిటీలో వీధులూడ్చిన మనవాళ్ల లైను ఇళ్లు అవి. తమిళ, తెలుగు కుటుంబాలే ఎక్కువ. 1960ల్లో ఖాళీ చేయించి ఊరి చివర చాట్స్‌వర్త్ పేటకి తరలించారు. చెప్పిన పెద్దాయన తేదీల జోలికే పోలేదు. కుళాయి దగ్గర ఎవరి బిందె ముందుండేదో, హార్మోనియం ఏ గదిలో ఉండేదో చెప్పుకొచ్చాడు. "ఆ గది కాదు, దాని పక్కది" అని వెనకనుంచి ఒకటే సవరణలు! గాంధీగారిని రైల్లోంచి దింపేసిన కథ ఇక్కడ పిల్లలకీ తెలుసు. ఊరు ఊడ్చినవాళ్లకి మాత్రం ఇన్నాళ్లూ ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

మన కూలీలతో మొదటి ఓడ ట్రూరో, 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ఇక్కడికి చేరింది. 1911 దాకా సుమారు 1,52,000 మంది కూలీలు వచ్చారు, మూడింట రెండొంతులు మద్రాసు రేవు మీదుగానే. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకి 10 షిల్లింగులు. ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికీ నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, చివరికి ఒంటి మీద మచ్చలు కూడా రాసుకున్నారు. ప్రేమతో రాసుంటారా, పారిపోతే పట్టుకోడానికి గానీ! ఇప్పుడు మునిమనవలకి అవే ఆధారం.

టీ తాగుతుంటే ఒకావిడ అలాంటి జిరాక్సు చూపించింది. డెబ్బై దాటుంటాయి. తెలుగు మాట్లాడలేదు గానీ రామభజనలు తప్పు పోకుండా పాడుతుంది. ముత్తాతది విశాఖపట్నం జిల్లా, పాలకొండ తాలూకా అట. ఊరి పేరు గుమాస్తా తనకి వినపడ్డట్టు గీకాడు. చివర "వలస" అని మాత్రం తెలుస్తోంది. మన వైపు వలసలు ఒకటా రెండా!

ఫోటో వాట్సాప్‌లో పెట్టాను. బుజ్జిగాడి చేత పెద్దది చేయించి, పాత కరణాల ఇళ్లలో ఎవరికైనా చూపించండి. ఇంకోటి. మన పెద్దలు రంగూన్ వెళ్లినవాళ్ల కథలు చెప్పేవారు గానీ నేటాల్ (ఈ డర్బన్ ఉన్న ప్రాంతం) పేరెత్తగా నేను వినలేదు. మీ చిన్నప్పుడు ఎవరైనా అన్నారా? ఊరు దొరికేదాకా ఆవిడకి ఆశ పెట్టకూడదని ఏమీ చెప్పలేదు. తొందరలేదు, కానీ మరచిపోకండి.

మీ
మేనల్లుడు