నిధులడిగారు సరే, మోటారు ఎవరిదో కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య విశాఖలో మా ప్రాంత ఎమ్మెల్యే గారు అసెంబ్లీ జీరో అవర్‌లో లేచి కొండవాలు కాలనీలకి నీళ్లెక్కని సంగతి, సిటీ బస్సులు చాలడం లేదన్న సంగతి, సర్కారు బడులకి నిధులు అందని సంగతి మాట్లాడారు. రెండు నిమిషాల ఆ వీడియో మా వీధి వాట్సాప్ గ్రూపులో చూడనివాళ్లు లేరు. 175 మంది కూర్చునే సభలో మా మెట్ల వీధుల ఊసు ఎత్తినందుకు సంతోషమే. మంత్రి గారు పరిశీలిస్తామన్నారు. ఆ మాట మాకు కొత్తేం కాదు గానీ, ఎమ్మెల్యే గారు అడిగినదాంట్లోనే ఒక లోటు కనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని బ్లౌజులు, స్కూలు యూనిఫాంలు కుడతాను. మా అమ్మాయి ఏడు, అబ్బాయి నాలుగు, ఇద్దరూ కార్పొరేషన్ బడిలోనే. 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో నన్ను స్కూలు కమిటీలో వేశారు. పోటీ ఎవరూ రాలేదు, అందుకే గెలిచాను.

బస్సుల గురించి నేను పెద్దగా చెప్పేదేం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి టికెట్ లేదు. లైనింగు గుడ్డలకి పూర్ణా మార్కెట్ వెళ్లొస్తే నాకు చార్జీలు మిగులుతున్నాయి. సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. బస్సులు పెంచమని ఆయన అడిగారు, పెంచితే చాలు.

బడి సంగతి అలా కాదు. మా బడిలో నీళ్ల సంపు మెట్ల కింద ఉంది, మోటారు దాని పక్కనే. స్టార్టర్ డబ్బాకి మూత ఊడిపోయి చాలాకాలమైంది. పిల్లలు చెయ్యి పెట్టకుండా అట్టపెట్టె ముక్క అడ్డుపెట్టి పురికొసతో కట్టారు. మోటారు ఆడితే పైన ట్యాంకు నిండి మరుగుదొడ్లలో నీళ్లు వస్తాయి. కాలిపోతే ఆయమ్మ సంపులోంచి బకెట్లతో తోడి పోయాలి. నెలకి 6,000 జీతం ఆవిడకి, అదీ నెలనెలా రాదు. రెండొందల మంది పిల్లలకి ఒక్క మనిషి ఎన్ని బకెట్లు మోస్తుంది? అలాంటి రోజుల్లో ఆడపిల్లలు బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేస్తారు. మా అమ్మాయి బాటిల్ పొద్దున ఎలా నింపి పంపానో సాయంత్రం అలాగే తిరిగొస్తుంది. బ్యాగు దింపుతూ బాటిల్ బరువు చూసి ఆ రోజు మోటారు ఆడిందో లేదో చెప్పేస్తాను.

మరుగుదొడ్లు బాగోలేవా అంటే బాగానే కట్టారు. సర్కారు బడులు బాగుచేయడానికి 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులు తీసుకున్నారు, అందులో మాదీ ఒకటి. టైల్స్, ఫ్యాన్లు, బెంచీలు, ఆర్వో మిషన్ అన్నీ వచ్చాయి. ఎవరి హయాంలో వచ్చాయన్న గొడవ నాకొద్దు. కట్టడానికి ఒకసారి డబ్బిస్తే సరిపోతుంది, నడపడానికి రోజూ కావాలి. ఆర్వో మిషన్‌లో ఫిల్టర్ మార్చే దిక్కులేక దాని మీద ఇప్పుడు చార్టులు ఆరబెడుతున్నారు.

మోటారు కాలిందని హెచ్ఎం గారు కార్పొరేషన్‌కి రాస్తే, బడులు ఇప్పుడు విద్యాశాఖవి కదా అన్నారు. విద్యాశాఖకి రాస్తే, బిల్డింగు మీ కార్పొరేషన్‌దే కదా అన్నారు. రెండూ నిజమే, చిక్కంతా అక్కడే. 2022 జూన్‌లో వచ్చిన జీవో 84తో మున్సిపల్ బడుల అజమాయిషీ, టీచర్ల సంగతులు విద్యాశాఖకి వెళ్లాయి, స్థలాలు, భవనాలు మున్సిపాలిటీల దగ్గరే ఉండిపోయాయి. పాఠం చెప్పేవాళ్లు ఒక ఆఫీసు కింద, గోడలు ఇంకో ఆఫీసు కింద. ఆ రెండింటి మధ్యా మోటారు ఎవరి లెక్కలోకి వస్తుందో జీవో రాసినవాళ్లకి తట్టినట్టు లేదు. ఎమ్మెల్యే గారు నిధులు పెంచమన్నారు. పెంచిన నిధి ఏ ఆఫీసు ఖాతాలో పడుతుందో, మోటారుకి ఖర్చుపెట్టే అధికారం ఎవరికుందో కూడా అడిగితే బాగుండేది.

అసలు డబ్బే లేదా అంటే, కాగితాల మీద ఉంది. 2025-26 బడ్జెట్లో పాఠశాల విద్యకి 31,805 కోట్లు చూపించారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం కింద పిల్లకి 15,000 అని, 13,000 మా ఖాతాలో వేసి 2,000 బడుల నిర్వహణకి పట్టుకున్నారు. దానికి ముందున్న అమ్మ ఒడి రోజుల్లోనూ ముందు వెయ్యి, తర్వాత రెండు వేలు ఇలాగే పట్టుకున్నారు. పట్టుకున్నందుకు నాకు బాధలేదు, నా పిల్లలు వాడే బాత్రూంకే కదా. మా బడిలో 212 మంది. అర్హత రాని పిల్లల్ని తీసేసి 180 మందికే లెక్క వేసుకున్నా 3,60,000 అవుతుంది. అందులో మా బడికి ఎంత చేరిందో కమిటీ మీటింగులో అడిగితే హెచ్ఎం గారు తెల్లమొహం వేశారు. ఆ 2,000 జిల్లా కలెక్టర్ ఖాతాకి వెళ్తుందని అప్పట్లో పేపర్లలోనే చదివాం. అక్కడినుంచి మా మెట్ల కిందికి దారేదో ఎవరూ చెప్పరు.

బడి చేతికి నేరుగా వచ్చేది కేంద్ర పథకం సమగ్ర శిక్ష గ్రాంటు ఒక్కటే. 100 దాటి 250 మంది వరకు పిల్లలుంటే ఏడాదికి 50,000. అంటే నెలకి నాలుగు వేల పైచిలుకు. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఫినాయిలు, చీపుళ్లు, జెండా పండగ చాక్లెట్లు అన్నీ అందులోనే సర్దాలి. అదీ ఒకేసారి పడదు. ఇంకో మెలిక ఏంటంటే, పిల్లలు 100కి మించకపోతే ఆ గ్రాంటు 25,000 అయిపోతుంది. నీళ్లు రావని ఇద్దరు ముగ్గురు తల్లులు టీసీలు పట్టుకెళ్లి ప్రైవేటులో వేశారు. వాళ్లని తప్పుపట్టలేను. కానీ పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, టీచరు పోస్టూ తగ్గుతుంది, మిగిలినవాళ్లకి బడి ఇంకా అధ్వానమవుతుంది. మెట్లు దిగి వచ్చే పిల్లల్లో చాలామందికి ప్రైవేటు ఫీజు కట్టే స్తోమత లేదు. నెలకి ఎన్ని బ్లౌజులు కుడితే ఒక ఫీజు అవుతుందో నాకు తెలుసు.

కాబట్టి ఎమ్మెల్యే గారికి మీ పత్రిక ద్వారా నా మనవి. మా కమిటీలో రిటైరైన మాస్టారు ఒకాయన చెప్పినదాని ప్రకారం, జీరో అవర్‌లో మాట్లాడితే రికార్డులో ఉంటుందే గానీ మంత్రి లెక్కలు చెప్పి తీరాలని లేదట. అదే నక్షత్రం గుర్తు ప్రశ్నగా ముందే రాసిస్తే, అది చర్చకొచ్చిన రోజు సభలో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. వచ్చే సమావేశాలకి ఒక్క ప్రశ్న అలా వేయండి సార్. విశాఖ జిల్లాలో పిల్లల పేరున పట్టుకున్న 2,000 మొత్తం ఎంత, ఏ బడికి ఎంత ఇచ్చారు, కార్పొరేషన్ బడుల్లో చిన్న రిపేర్లు ఏ ఆఫీసు బాధ్యత. జవాబు వచ్చాక ప్రతి బడి గేటు పక్కన మధ్యాహ్న భోజనం మెనూ రాసినట్టే ఆ బడికొచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు పెయింటుతో రాయించండి. చదవడం మాకొచ్చు.

ఈలోగా మోటారుకి మళ్లీ వైండింగ్ చేయించాలి, మళ్లీ చందాలే. నా వంతు 200 ఇచ్చాను.

ఎమ్మెల్యే గారు బడికొచ్చి స్వయంగా చూస్తానంటే ఎదురెళ్లి తీసుకొస్తాం. మెగా పేరెంట్స్ మీటింగ్ రోజు మాత్రం వద్దు, ఆ రోజు ముగ్గులు, మామిడి తోరణాలు, ట్యాంకర్ నీళ్లు అన్నీ ఉంటాయి. మామూలు రోజు, ముందు కబురు చేయకుండా, పదిన్నర ఇంటర్వెల్ బెల్లు టైముకి వస్తే మంచిది.

ఇట్లు,
స్కూలు కమిటీ సభ్యురాలు, విశాఖపట్నం
(పిల్లలు అదే బడిలో చదువుతున్నారు కనుక నా పేరు, బడి పేరు వేయవద్దని మనవి)