చిన్నోడా, ముందు కాటా ఎక్కించు

చిత్తూరు,
ఆదివారం పొద్దున.

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను, అక్కావాళ్లు బాగున్నాం. నా మోకాలి నొప్పి ఉండేదే, దాని గురించి మళ్లీ మళ్లీ అడగొద్దు. కోడలికి, పాపకి నా దీవెనలు చెప్పు.

నిన్న రాత్రి ఫోన్‌లో "అమ్మా, వ్యాన్‌కి ఏ కంపెనీ టైర్లు వేయించమంటావు?" అని, నువ్వు ఇల్లులాగా వాడుకునే ఆ వ్యాన్ గురించి అడిగావు. నేను నోరు తెరిచేలోపు నీకు ఆఫీసు ఫోన్ వచ్చింది, పెట్టేశావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. నా రాత అర్థం కాకపోతే కోడలి చేత చదివించుకో, తెలుగు చదవడం నీకంటే ఆమెకే బాగా వచ్చు. చదివాక వ్యాన్ డాష్‌బోర్డు అరలో పెట్టుకో.

కంపెనీ సంగతి చివర్న చెప్తా. ఫోన్ పెట్టే ముందు నువ్వు ఇంకో మాట అన్నావే, దానికే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. "టైర్ల మీది బటన్లు కొత్తవాటిలాగే ఉన్నాయి, ఇంకో రెండేళ్లు లాగించేయొచ్చు కూడా" అన్నావు. అరిగిన టైర్లకు మళ్లీ రబ్బరు బటన్ వేసే రీబటన్ షాపులో 27 ఏళ్లు లెక్కలు రాసిన దాని కడుపున పుట్టి ఆ మాట ఎట్లా అన్నావురా?

మన షాపు ముందు గుట్టగా పడి ఉండే లారీ టైర్లు గుర్తున్నాయి కదా. మామిడికాయల సీజన్లో, మదనపల్లె టమాటా లోడ్లప్పుడు రాత్రీ పగలూ తిరిగిన టైర్లవి. చూస్తూ చూస్తూ గుండైపోయేవి. అయినా లోపల కేసింగ్, అంటే బటన్ కింద ఉండే టైరు ఒళ్లు, గట్టిగానే ఉండేది. మీ నాయన పాత రబ్బరు గీకించి, కొత్త బటన్ పట్టీ అతికించి, చాంబర్లో ఉడికించి ఇస్తే మళ్లీ రోడ్డెక్కేవి. తిరిగి తిరిగి అరిగిన టైరుకు ఆ వైద్యం పనికొస్తుంది.

నీ వ్యాన్‌ది దానికి సరిగ్గా తిరగబడిన జబ్బు. ఏడాదికి నాలుగు ట్రిప్పులు వేస్తావు. మిగతా రోజులన్నీ అది బెంగుళూరులో మీ అపార్ట్‌మెంట్ గోడ పక్కన, నీళ్లూ మంచాలూ పొయ్యీ మోసుకుంటూ, ఎండలో నిలబడే ఉంటుంది. బటన్ అరగదు, కానీ రబ్బరు ముసలిదైపోతుంది. టైరు రబ్బరులో ఒక రకం మైనం కలుపుతారు. బండి తిరుగుతూ టైరు వంగి లేస్తూ ఉంటే ఆ మైనం పైకొచ్చి పొరలాగా కాపాడుతుంది. నిలబడిపోయిన బండికి ఆ పొర సరిగా రాదు. ఎండ, గాలిలో ఉండే ఓజోను కలిసి టైరు గోడ మీద సన్నటి చీలికలు తెస్తాయి. బటన్ల లోతు చూసేవాడికి అవి కనబడవు. చట్టం ప్రకారం బటన్ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. నీ టైర్లు ఆ పరీక్ష ఇప్పుడూ పాసవుతాయి, పదేళ్ల తర్వాతా పాసవుతాయి. అదే నా భయం.

రీబటన్ సంపాదన మీదే నిన్ను ఇంజనీరింగ్ చదివించాను. అయినా నీ వ్యాన్‌కి రీబటన్ వద్దనే చెప్తా. పైన కొత్త బటన్ వేసినంత మాత్రాన ముసలి కేసింగ్ పడుచుది కాదు.

వయసు ఎట్లా కనుక్కోవాలో చెప్తా. టైరు గోడ మీద డీఓటీ అని ఉంటుంది. ఆ వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరంలో 23వ వారం తయారైందని. ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కే ఉంటాయి. బయట కనబడకపోతే లోపలి పక్కన ఉన్నట్టు. బట్టలు మాసిపోతాయని చూడకుండా కిందికి దూరు. అయిదేళ్లు దాటిన టైరును ఏడాదికొకసారి తెలిసినవాడికి చూపించాలి. పదేళ్లకు, ఎంత బాగున్నా, తీసెయ్యాలి. నీలాగా నిలబెట్టే బండికైతే నేను ఆరేడేళ్లకే తీసేయిస్తా. నాలుగూ చూడు. స్టెప్నీ కూడా చూడు.

స్టెప్నీ అని ఎందుకు గట్టిగా అంటున్నానో నీకు తెలియదు, అప్పటికి నువ్వు ఒళ్లో పిల్లాడివి. పలమనేరులో పెళ్లి చూసుకుని మన జీపులో వస్తున్నాం. మొగిలి ఘాట్ ఇంకా మొదలు కాలేదు, పంచర్ అయింది. మీ నాయన స్టెప్నీ దించాడు. నిగనిగలాడుతోంది, ఒక్క బటన్ అరగలేదు. జీపు కొన్నప్పటి నుంచి వెనకాల తగిలించి ఎండబెట్టిన టైరు అది. ఘాట్ సగం దిగామో లేదో ఢామ్మని పేలింది. గోడే నిలువునా విచ్చుకుపోయింది. బండి కొండ వైపు లాగింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా, లోయ వైపు లాగి ఉంటే రాసేదాన్ని కాను. టైర్ల వ్యాపారం చేసే మనిషి సొంత స్టెప్నీ చూసుకోలేదు! ఆ మాట ఆయన బతికున్నంత కాలం దెప్పాను.

సరే, అసలు విషయానికి వస్తా. టైరు కొనే ముందు నీ ఇల్లు ఎంత బరువుందో తెలియాలి. ఆ వ్యాన్‌ను మనుషులు ఎక్కి దిగే బండిగా చేశారు. నువ్వు కొన్నది దాంట్లో కాపురం పెట్టిన బండి. 120 లీటర్ల నీళ్ల ట్యాంకంటే 120 కిలోలు. నిండు గ్యాసు సిలిండరు దగ్గర దగ్గర 30 కిలోలు. బ్యాటరీలు, ఫ్రిజ్, పైన సోలార్ పలకలు, చెక్క అలమరాలు. పైగా వెనకాల రెండు సైకిళ్లు తగిలించావని ఫొటో పెట్టావు. వెనక చక్రాలకు అవతల వేలాడే బరువు ఏతం లాంటిది. తన బరువు మోయించడంతో ఆగదు, ముందు చక్రాల బరువు కూడా కొంత లాగి వెనక చక్రాల మీద వేస్తుంది.

కాబట్టి అన్నీ నింపి, అందర్నీ కూర్చోబెట్టి, లారీలు తూచే కాటా మీదికి పోనీ. మొదట మొత్తం బండి తూచు. తర్వాత ముందు చక్రాలు మాత్రం ఎక్కించి, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రం ఎక్కించి తూచు. మూడు చీటీలూ దాచుకో. మొత్తం బరువు ఆర్‌సీలో రాసిన గ్రాస్ వెయిట్, అంటే సామానూ మనుషులతో కలిపి ఉండదగ్గ బరువు, దాటితే టైర్ల షాపుకు పోవద్దు, ఇంటికెళ్లి సామాను దించు. ఎంత గట్టి టైరు వేసినా బండి మోయగలిగే బరువు పెరగదు.

ఇక టైరు మీది రాత. నువ్వు పంపిన ఫొటోలో 215/75 ఆర్ 16 అనీ, పక్కన 113/111 క్యూ అనీ ఉంది. 215 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. 16 అంటే రిమ్ము అంగుళాలు. ఇవి అందరూ చూస్తారు. నువ్వు చూడాల్సింది 113. అదే లోడు అంకె, అంటే ఒక్కో టైరు 1150 కిలోలు మోస్తుందని. పక్కనున్న 111 వెనక జంట టైర్లున్న బండ్లకు, నీకు అక్కర్లేదు. క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. నువ్వు 80 దాటితే కోడలు నాకు ఫోన్ చేస్తుంది, గుర్తుపెట్టుకో.

113 అయితే వెనక రెండు టైర్లూ కలిపి 2300 కిలోలు. కాటాలో వెనక 2200 వచ్చిందనుకో, సరిపోయిందని సంబరపడతావు. కానీ నీ వంటగట్టు, నీళ్ల ట్యాంకు రెండూ ఎడమ పక్కనే ఉన్నాయి. ఆ పక్క టైరు మీద 1100కి బదులు 1200 పడిందంటే ఒక్క టైరు రోజూ ఓవర్‌లోడు మీద తిరుగుతున్నట్టే. అదే సైజులో 116 దొరికితే ఒక్కోటి 1250 కిలోలు మోస్తుంది. డబ్బులు పెట్టాల్సింది అక్కడ.

యూరప్‌లో ఇట్లాంటి ఇళ్ల బండ్లకనే సీపీ అని ముద్ర వేసిన టైర్లుంటాయని నువ్వే చెప్పావు. నిజమే, ఎప్పుడూ నిండు బరువుతో నిలబడే బండ్ల కోసం వాటి గోడలు బలంగా చేస్తారు. వెనక చక్రాలకు 80 పౌండ్ల దాకా గాలి పెట్టమంటారు. వాటి కోసం విదేశం నుంచి తెప్పించే పిచ్చి పని మాత్రం పెట్టుకోకు. దారిలో ఒకటి పేలితే దాని జత ఎక్కడ తెస్తావు? మన దగ్గర దొరికే వ్యాన్ టైర్లలోనే లోడు అంకె చూసి తీసుకో. కారు టైరు మాత్రం సైజు సరిపోయినా వద్దు.

గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. అది కంపెనీ నుంచి వచ్చిన బండి బరువుకు. నీ కాటా చీటీలు చూపించి, ఆ బరువుకు ఎంతో టైరు డీలర్ పట్టికలో చూడమను. 65 పౌండ్లు దాటితే మామూలు రబ్బరు వాల్వులు పనికిరావు, మెటల్ వాల్వులు వేయించు. పొద్దున్నే బండి కదలకముందు గాలి చూడాలి. బంగారుపాళెం దగ్గర మధ్యాహ్నం చూస్తే వేడికి అయిదారు పౌండ్లు ఎక్కువే చూపిస్తుంది. టెన్షన్ పడి తీసెయ్యకు. సాయంత్రం చల్లబడ్డాక తక్కువైపోతుంది, తక్కువ గాలే టైరును ఉడకబెట్టి చంపేది. నైట్రోజన్ కావాలా అని అడుగుతారు. మామూలు గాలిలో 78 శాతం అదే ఉంది, ఆ డబ్బులతో పాపకి ఏదైనా కొనివ్వు.

షాపులో బిల్లు కట్టే ముందు అన్ని టైర్ల తేదీలూ నువ్వే చదువు. పోయినేడు అక్క కారుకు ఒక షాపువాడు కొత్త టైర్లని చెప్పి మూడేళ్ల నాటివి అంటగట్టాడు. డిస్కౌంట్ ఎందుకిచ్చాడో ఇంటికొచ్చాక తెలిసింది. ఐఎస్ఐ ముద్ర కూడా చూడు. నాలుగూ ఒకేసారి మార్చు. డబ్బులు సరిపోక రెండే కొంటే కొత్తవి వెనక్కి వేయించు. ముందుకే వెయ్యాలని చాలామంది అంటారు కానీ, వానలో వెనక చక్రాలు జారితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి మాట వినదు. బోల్టులు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించుకో.

కంపెనీ అడిగావు కదా. మీ మామయ్యైతే మన జిల్లా టైరే కొనమంటాడు. చిన్నపాండూరులో 2020 నుంచి అపోలో వాళ్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. 2022లో జిల్లాలు విడగొట్టాక ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయిందని ఆయనకు ఎవరు చెప్పాలి! నన్నడిగితే పేరున్న కంపెనీ ఏదైనా ఒకటే. లోడు అంకె, తేదీ, నువ్వు తిరిగే ఊళ్లలో దొరకడం, ఈ మూడూ కుదిరింది తీసుకో.

ఘాట్ దిగేటప్పుడు గేరు మీద దిగు, బ్రేకు మీద కాదు. బ్రేకు వేడి రిమ్ముకు, రిమ్ము నుంచి టైరుకు ఎక్కుతుంది. తిరుమల నుంచి దిగే బండ్లు 40 నిమిషాల కంటే ముందు దిగకూడదని టైం పెట్టింది ఊరికే కాదు. ఇంటి దగ్గర నిలబెట్టినప్పుడు టైర్లకు ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టు, నెలకొకసారి కాస్త దూరం తిప్పి తీసుకురా. మెరుపు కోసం పాలిష్ పుయ్యకు.

వచ్చే శనివారం వస్తానన్నావు. ఇప్పుడున్న టైర్లతోనే అయితే వ్యాన్ తీసుకురావద్దు, బస్సుకు రా. మార్చాక తీసుకొస్తే మాత్రం మన ఊరి కాటా దగ్గరే తూచుదాం. నేను కూడా ఎక్కి కూర్చుంటా, కన్యాకుమారికి నన్నూ తీసుకుపోతానన్నావు కదా. నా బరువు 62 కిలోలు. ఆవకాయ జాడీలు అందులో కలపలేదు.

ఇట్లు,
అమ్మ