తప్పు వెదురుది కాదు

సంపాదకుడు గారికి,

పిల్లల విలువిద్య శిక్షణకు ఇచ్చిన వెదురు విల్లులు నెల తిరక్కుండానే పగిలిపోయాయని, మన ప్రాంతపు వెదురులో పస లేదని ఒక అధికారి అన్నారని, ఇకమీదట బయటి రాష్ట్రం నుంచి తెప్పిస్తారని పన్నెండు రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చింది. చదివి ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేక రాస్తున్నాను. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల వెదురును పస లేనిదనడానికి ఆ అధికారికి నోరెలా వచ్చింది? మేడారం జాతరలో గద్దెల మీదికి వచ్చే కంకవనం ఆ వెదురే కదా!

ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి. విరిగిన విల్లులు రెండింటిని అడిగి తెచ్చుకొని చూశాను. ఒకటి కణుపుల మధ్య ముడతలు పడి ఉంది. లేత వెదురు ఎండితే అలాగే ముడుచుకుంటుంది. రెండోదాన్ని నేలకు తడితే సన్నటి పసుపు పిండి రాలింది. లోపలంతా పురుగు తొలిచింది. గడలోని తీపి, పిండిపదార్థం కోసమే ఈ పురుగు వస్తుంది, వానాకాలంలో కొట్టిన గడకు త్వరగా పడుతుంది. ఈ వెదురు ఆగస్టులో కొట్టినదని ఆ పనికి వెళ్లిన కూలీలే నాతో చెప్పారు. ఇక తప్పు ఎవరిది?

వెదురు ఒక్క వానాకాలంలోనే తన పూర్తి ఎత్తు పెరిగిపోతుంది. ఎత్తు చూసి ముదిరిందనుకునేవాడికి వెదురు సంగతి తెలియదన్నమాటే. గట్టిపడటానికి మూడేళ్లు పడుతుంది. కొన్నేళ్ల కిందట తాడ్వాయి దగ్గరి గూడెంలో విల్లులు చేసే ఒక కోయ పెద్దాయన వెంట పుష్య మాసంలో అడవికి వెళ్లాను. వాగు ఒడ్డున నున్నగా ఎదిగిన గడల వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. గుట్టెక్కి, రాతి నేలలో ఉన్న సాధన వెదురు పొద దగ్గర ఆగాడు. నీళ్లు తక్కువైన చోట ఆ వెదురు లోపల బోలు లేకుండా గట్టిగా పెరుగుతుంది. గొడ్డలి మడమతో ఒక్కో గడను తట్టి చెవి పెట్టాడు. లేతది దబ్‌మంది, ముదిరినది ఖంగుమంది. పాచి మచ్చలు పట్టిన గడను గోటితో గీసి చూసుకున్నాడు. నలభై గడల పొదలో మూడే మూడు కొట్టాడు. అవీ నేలకు జానెడు ఎత్తున, మోడులో నీళ్లు నిలవకుండా కణుపుకు ఆనించి. పొద అంచున ఉన్న కొత్త గడలను ముట్టనివ్వలేదు. “అవి పిల్లల వంతు సారూ” అన్నాడు. ఆ గడలను కొన్ని వారాలు వాగులో నానవేసి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాతే చీల్చాడు. అల్లెతాడు కూడా ఆ వెదురు పైచర్మం నుంచి తీసిన బద్దే.

కర్ర విల్లుకు మన అడవుల్లో తడ చెట్టు ఉంది. ధనుస్సుకు పనికొస్తుందనే సంస్కృతంలో దానికి ధన్వనమని పేరు. బెరడు గీతలు నిటారుగా ఉన్న మానునే ఎంచుకోవాలి. గీతలు మెలితిరిగితే లోపలి నార కూడా మెలితిరిగే ఉంటుంది. దుంగను చీలలు దిగగొట్టి నార వెంబడి చీల్చాలే గాని రంపం పెట్టకూడదు. నార తెగిన చోటే విల్లు విరుగుతుంది. హరితహారం పేరిట 2015 నుంచి ఎన్ని మొక్కలు నాటారు! రోడ్ల వెంట కోనోకార్పస్ నాటి, తర్వాత అదే వద్దన్నారు. ఆ గుంతల్లో తడ మొక్కలు పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. తోచడానికి అడవిలో తిరిగినవాళ్లు కార్యాలయాల్లో ఉండాలి కదా. ఇక బడుల సంగతి చెప్పనక్కర్లేదు. ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేశారు, మైదానాల్లో వాహనాలు నిలుపుతున్నారు. అయినా నలుగురు పిల్లలు పట్టుదలగా ఇండియన్ రౌండ్ అనే విలువిద్య పోటీలో 50 మీటర్ల గురికి వెదురు విల్లు ఎక్కుపెడుతుంటే వాళ్ల చేతికి పురుగు తిన్న కర్రలు ఇస్తారా?

ఇంత విద్య తెలిసిన ఆ పెద్దాయన నిరుడు నాలుగు గడలు భుజాన వేసుకొని వస్తుంటే అటవీ సిబ్బంది దారిలో ఆపి, గడలు లాక్కొని, పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, వాటిని సేకరించుకునే హక్కు గిరిజనులకు ఇచ్చింది. ఆ మాట చెబితే కాగితం చూపించమన్నారు. అదే దారిన లేత గడలు నింపుకొన్న లారీ వెళ్తుంటే ఆపిన చెయ్యి లేదు.

ఈసారి టెండరు పిలిచే ముందు అధికారులు ఆ గూడేనికి వెళ్లి, ఏ పొదలో ఏ గడ కొట్టాలో విల్లులు చేసేవాళ్లనే ఎంచనివ్వాలి. ఆ పని సంక్రాంతి లోపల, చలికాలంలోనే జరగాలి. ధర వాళ్ల చేతికే ఇవ్వాలి. పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన దగ్గర లాక్కున్న నాలుగు గడలు ఇప్పటికీ అటవీ కార్యాలయం వెనక ఎండలో పడి పగుళ్లిస్తున్నాయి. మొన్న వెళ్లి చూసి వచ్చాను.

– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ