వెయ్యి నోటు మీద ఎర్రక్షరాలు

బెర్లిన్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమేంట్రా అని నవ్వుకుంటున్నావని తెలుసు. కవర్లో వేలు పెట్టి చూడు, ఒక పాత నోటుంది. అది ఫోన్లో పంపలేను కదా. "సున్నాలు ఎక్కువున్న జర్మనీ నోటొకటి చూసిపెట్టరా" అని నువ్వడిగి మూడేళ్ళయింది. ఇవాళ పొద్దున మావర్‌పార్క్ సంతలో దొరికింది. ముసలాయన ఐదు యూరోలన్నాడు, నాలుక్కి ఇచ్చాడు. నువ్వైతే రెండుకి తెచ్చేవాడివి.

సున్నాలు మూడే ఉన్నాయని తిట్టకు. అది వెయ్యి మార్కుల నోటే, మీద తేదీ 1922 డిసెంబరు 15. జనం చేతికి రాకముందే వెయ్యికి విలువ లేకుండా పోయింది. 1923లో దాని మీదే ఎర్రక్షరాలతో వంద కోట్ల మార్కులని అచ్చుకొట్టి వదిలారు. ఆ నవంబర్లో ఇలాంటివి రెండొందలు పట్టుకెళ్తే ఒక రొట్టె వచ్చేది. ఇంటర్లో లెక్కల మాస్టారు మనకి ఈ మార్కులు వేసుంటే ఎంత బాగుండేదిరా!

బళ్ళో మనకి ఒక్క ముక్కలో తేల్చేశారు గుర్తుందా? మొదటి ప్రపంచయుద్ధం ఓడిపోయారు, పరిహారం కట్టలేక నోట్లు అచ్చేశారు, హిట్లరొచ్చాడు. ఆర్నెల్లుగా దీని గురించే చదువుతున్నా, కథ అంత తిన్నగా లేదు. పరిహారం భారమే, కాదన్ను, 13,200 కోట్ల బంగారు మార్కులు. కానీ అప్పు మొదలైంది యుద్ధం జరుగుతుండగానే. పన్నులు పెంచితే గోల అవుతుందని కైజరు చక్రవర్తి ప్రభుత్వం జనానికి యుద్ధ బాండ్లు అమ్మింది, ఐదు శాతం వడ్డీకి. తొమ్మిది విడతల్లో సుమారు 9,800 కోట్ల మార్కులు వచ్చాయి. గెలుస్తాం, ఓడినవాడి ముక్కు పిండి వసూలు చేసి మీకిస్తాం అని ధీమా. బడిపంతుళ్ళు, గుమాస్తాలు, కూతురి పెళ్ళికని దాచుకున్నవాళ్ళు, దేశం అడిగింది కదా అని కొన్నారు.

1923 నవంబర్లో ఆ బాకీ మొత్తం, ఒకళ్ళది కాదురా దేశమంతటిదీ, యుద్ధానికి ముందటి డబ్బుల్లో లెక్కేస్తే పది ఫెన్నిగులు. మార్కుకి వంద ఫెన్నిగులు. అంటే పది పైసలు పారేసి చేతులు దులుపుకున్నారన్నమాట. చీటీల కంపెనీ తలుపులు మూసేసిన రోజు మీ నాన్నగారు అరుగు మీద కూర్చుని పాసుపుస్తకం పేజీలు అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు చూడు, అది గుర్తొచ్చింది. ఆయనకి కనీసం తిట్టడానికి ఒక మనిషున్నాడు. వీళ్ళు ఎవర్ని తిట్టాలి?

అక్కడే తిరకాసంతా. తిట్టడానికి మనుషుల్ని తయారుచేసి ఇచ్చారు. 1918 సెప్టెంబరు ఆఖర్న, ఇక లాభం లేదు, వెంటనే యుద్ధవిరామం అడగండి అని తొందరపెట్టింది సైన్యాన్ని నడిపిన లూడెన్‌డార్ఫే. తీరా నవంబరు 11న కాంపియేన్ అడవిలో, రైలుపెట్టెలో సంతకానికి బృందాన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది ఎర్జ్‌బెర్గర్ అనే పార్లమెంటు సభ్యుడు. మరుసటేడు లూడెన్‌డార్ఫ్ పైఅధికారి హిండెన్‌బర్గ్ విచారణ సంఘం ముందు కూర్చుని, సైన్యానికి వెన్నుపోటు పొడిచారని చెప్పాడు. (వెన్నుపోటు మాట మనకి కొత్తేం కాదనుకో.) యుద్ధం ఓడినవాడు పెద్దమనిషి, సంతకం పెట్టినవాడు ద్రోహి. 1921 ఆగస్టులో ఎర్జ్‌బెర్గర్ షికారుకెళ్తే కాల్చి చంపారు. పైఏడు జూన్‌లో విదేశాంగమంత్రి రాటెనౌని కారులో వెళ్తుంటే చంపారు. గుంబెల్ అని ఒక లెక్కల పంతులు కూర్చుని ఈ రాజకీయ హత్యలన్నీ ఏరి లెక్కగట్టాడు. నాలుగేళ్ళలో కుడిపక్షం వాళ్ళు చేసినవి 354, వామపక్షం వాళ్ళవి 22. 354లో చాలావాటికి శిక్షే లేదు. మేం సాయంత్రాలు నడిచే కాలువలోకే 1919 జనవరిలో కమ్యూనిస్టు నాయకురాలు రోజా లక్సెంబర్గ్‌ని చంపి శవాన్ని విసిరేశారు. ఇప్పుడక్కడ ఆమె పేరు లోహపు అక్షరాల్లో నీళ్ళవైపు వాలి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఏదో షాపు బోర్డనుకున్నాను, సిగ్గేసింది.

అన్నీ ఏడుపులే కాదులే. 1920 మార్చిలో కాప్ అనే ఆయన సైనికులతో బెర్లిన్‌లో దిగి నేనే ప్రభుత్వం అన్నాడు. అసలు ప్రభుత్వం పారిపోయింది. ఊరంతా సమ్మె. ట్రాముల్లేవు, దీపాల్లేవు, కుళాయిలో నీళ్ళు రావు. నాలుగైదు రోజులు చూసి ఆయనే సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇక 1923. పరిహారం సరిగ్గా కట్టట్లేదని జనవరిలో ఫ్రాన్సు, బెల్జియం సైన్యాలొచ్చి రూర్ బొగ్గు గనుల మీద కూర్చున్నాయి. మీకోసం పనిచెయ్యం అని కూలీలు ఇంట్లో కూర్చున్నారు. వాళ్ళ జీతాలు ప్రభుత్వమిచ్చింది, ఎక్కణ్ణుంచి? అచ్చుయంత్రాల నుంచి. నూట ముప్ఫై పైచిలుకు ప్రెస్సులు రాత్రింబవళ్ళు తిరిగాయట. జీతం ఏ రోజుది ఆ రోజే. ఆడవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గరే అందుకుని, ధర మారేలోపు కొట్టుకి పరుగు. 1914లో డాలరుకి 4.2 మార్కులుండేది, నవంబర్లో 4.2 లక్షల కోట్లు. చిత్రం చూడు, మార్కు అక్కడ ఆగిన రోజే, నవంబరు 20న, ఆ నోట్లన్నీ అచ్చేయించిన బ్యాంకు పెద్ద హావెన్‌స్టైన్ పోయాడు. మన హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ గారు ఆ రోజుల్లో బెర్లిన్‌లోనే చదువుకున్నారు, అదీ ఆర్థికశాస్త్రం! కిటికీ తెరిస్తే పాఠమే.

అప్పుచేసి పప్పుకూడు తిన్నవాడు బాగుపడ్డాడురా. స్టిన్నెస్ అనే ఆసామి అప్పుల మీద ఫ్యాక్టరీలు కొంటూపోయి, చిత్తుకాగితాలతో తీర్చేశాడు. చివరికి పన్నెండు సున్నాలు కొట్టేసి రెంటెన్‌మార్కు అని కొత్త డబ్బు తెచ్చారు, భూములు తనఖా అన్నారు. ఆ కాగితం చూపిస్తే ఎకరమిస్తారా ఏమన్నానా? ఇవ్వరు. అయినా జనం నమ్మారు, ధరలు ఆగాయి. హిట్లరు ఆ నవంబర్లోనే మ్యూనిక్‌లో ఒకసారి ప్రయత్నించి జైలుకెళ్ళాడు. గద్దెనెక్కడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది, మధ్యలో పెద్ద మాంద్యం ఒకటి. ఈలోగా 1925లో చట్టం చేసి, యుద్ధ బాండ్లున్నవాళ్ళకి నూటికి రెండున్నర విదిలించారు.

సంతలో ముసలాయన దగ్గర ఆ బాండ్లు కూడా ఉన్నాయి. వాళ్ళ నాయనమ్మ పెట్టెలోవట, ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఒక్కోటి ఎనిమిది యూరోలు, బేరం లేదన్నాడు. కావాలంటే చెప్పు, పైఆదివారం తెస్తా. నాన్నగారికి చూపిస్తావో మానతావో నీ ఇష్టం.

నీ
ప్రసాదు