హాస్యం రాసేవాళ్ళని దూరదర్శన్ పిలవాలి

సంపాదకులు గారికి,

టీవీ హాస్య కార్యక్రమాల మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. పొట్టిగా ఉన్నారనీ, లావుగా ఉన్నారనీ, నల్లగా ఉన్నారనీ మనుషుల్ని ఎదురుగా నిలబెట్టి నవ్వడం ఆపాలని చాలామంది రాశారు. నిజమే, ఆపాలి. కానీ వాటి బదులు ఏం రావాలో కూడా మనమే అడగాలి కదా. నేను అడగదలచుకున్నది చెప్పాలంటే ముందు బ్రిటన్‌వాళ్ళు తీసిన పాత కామెడీ సీరియళ్ళ గురించి చెప్పాలి.

నేను కలెక్టరేట్‌లో పనిచేసి రిటైరయ్యాను. అందుకే కాబోలు, వాటన్నిటిలోకీ నాకు 'యెస్ మినిస్టర్' అంటే ప్రాణం. 1980లో బీబీసీలో మొదలైంది. ఆ దశకంలోనే మన దూరదర్శన్ కూడా ప్రసారం చేసింది. జిమ్ హ్యాకర్ అనే మంత్రి, ఆయన శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ, ఇద్దరి మధ్యా నలిగిపోయే ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్. కథంతా దాదాపు ఈ ముగ్గురి మధ్యే నడుస్తుంది. మంత్రి ఏదో మంచి చెయ్యాలనుకుంటాడు. కార్యదర్శి కాదనడు. అలాగేనంటాడు, కమిటీ వేయిస్తాడు, ఆ ఫైలు ఇక కదలదు.

1981లో వచ్చిన ఒక భాగంలో కొత్తగా కట్టిన ఆసుపత్రి ఉంటుంది. ఐదువందల మంది ఉద్యోగులు ఉంటారు. డాక్టర్లు లేరు, నర్సులు లేరు, ఒక్క రోగి కూడా లేడు. మంత్రి తనిఖీకి వెళితే అక్కడి అధికారిణి ఖాళీ వార్డులూ, ఎవరూ వాడని ఆపరేషన్ థియేటరూ దగ్గరుండి గర్వంగా చూపిస్తుంది. పరిశుభ్రతకి ఇచ్చే అవార్డు రేసులో తమ ఆసుపత్రి ఉందని కూడా చెబుతుంది. ఆవిడ అబద్ధం ఆడటం లేదు, నిజంగానే నమ్ముతోంది. ఆ నమ్మకమే నవ్వు తెప్పిస్తుంది, కాసేపటికి భయమూ వేస్తుంది. రిజిస్టర్లు పక్కాగా ఉన్నాయా అని చూసి, అర్జీ పెట్టుకున్న మనిషికి పని జరిగిందా అని మాత్రం అడగని ఇన్‌స్పెక్షన్లు నా సర్వీసులో చూశాను. అందుకే ఆ భాగం ఎప్పుడు చూసినా ఇంగ్లండ్ కథ అనిపించదు.

దీన్ని రాసిన ఆంటొనీ జే, జొనాథన్ లిన్ ప్రధాని కార్యాలయంలో పనిచేసినవాళ్ళని అడిగి, లోపలి సంగతులు తెలుసుకుని రాశారు. హ్యాకర్‌ది ఏ పార్టీయో ఎక్కడా చెప్పరు. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్‌కి ఈ సీరియల్ ఎంత ఇష్టమంటే, 1984లో ఆ నటులతో కలిసి ఒక చిన్న ప్రహసనంలో తానే నటించారు. మన చానళ్ళలో రాజకీయ హాస్యం చాలావరకు నాయకుల గొంతూ నడకా అనుకరించడం దగ్గరే ఆగిపోతోంది. ఆ నాయకుడు ఓడిపోగానే ఆ హాస్యమూ పాతబడుతుంది. హంఫ్రీ మాత్రం నలభై ఏళ్ళు దాటినా ఏ ఆఫీసుకి వెళ్ళినా ఎదురవుతూనే ఉన్నాడు.

'ఫాల్టీ టవర్స్' పద్ధతి వేరు. అందులో అరుపులూ పరుగులూ ఎక్కువ. టార్కీ అనే సముద్రతీరపు ఊళ్ళో చిన్న హోటల్ నడిపే బేసిల్ పెద్దవాళ్ళ దగ్గర వంగిపోతాడు, మామూలు జనం మీద విరుచుకుపడతాడు. 1975లో వచ్చిన మొదటి భాగంలోనే, ఎవరో లార్డు గారు దిగారని తెలిసి, భోజనం చేస్తున్న ఒక కుటుంబాన్ని లేపి ఆ బల్ల ఆయనకి ఇప్పిస్తాడు. తీరా చూస్తే ఆ లార్డు ఒట్టి మోసగాడు. వీఐపీ వస్తున్నాడంటే క్యూలో ముందున్నవాళ్ళని పక్కకి నెట్టే మన గుళ్ళూ ఆఫీసులూ గుర్తుకురాకుండా ఆ సన్నివేశం చూడలేం. జాన్ క్లీస్, కొనీ బూత్ కలిసి దీన్ని రాశారు. ఆ ఏడాది ఆరు భాగాలు, మళ్ళీ 1979లో ఆరు. మొత్తం పన్నెండే. అంత ఆదరణ ఉన్నా ఇంకా సాగదీయలేదు. 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తమ దేశపు వంద గొప్ప టీవీ కార్యక్రమాల జాబితా వేస్తే మొదటి స్థానం ఈ పన్నెండు భాగాలకే దక్కింది.

డాబుసరి మనుషుల్ని చూడాలంటే 'కీపింగ్ అప్ అప్పియరెన్సెస్' చూడాలి. హయసింత్ అనే ఇల్లాలు పింగాణీ కప్పులకి ఇచ్చే విలువ చూసి పక్కింటి ఎలిజబెత్‌కి చెయ్యి వణుకుతుంది, ఆ వణుకుకే కాఫీ ఒలికిపోతుంది. పేదరికంలో ఉన్న తన చెల్లెళ్ళు, బనియన్‌తో తిరిగే మరిది వీధివాళ్ళ కంట పడకూడదని హయసింత్ తాపత్రయం. చూసేవాళ్ళకి మాత్రం ఆ చెల్లెళ్ళ ఇంటివాళ్ళే హాయిగా బతుకుతున్నారనిపిస్తుంది. నవ్వు లేమి మీద పడదు, లేమిని దాచుకునే డాబు మీద పడుతుంది. 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్'లో డెల్ బాయ్ కూడా అంతే. ఇవాళ కాకపోతే రేపు కోటీశ్వరుణ్ణి అవుతానని కలలు కనే చిల్లర వ్యాపారి. తల్లి పోయి, తండ్రి వదిలేసి వెళ్ళిపోతే తమ్ముణ్ణి తానే పెంచాడు. 1996 డిసెంబర్ 29న చివరికి ఆ కల నిజమైన భాగాన్ని 2 కోట్ల 43 లక్షల మంది చూశారు.

వాళ్ళు తీసినవన్నీ నెత్తిన పెట్టుకోవాలని నేననను. 1977లో మొదలైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్' మన దేశంలో చాలామందికి ఇష్టం. హిందీలో 'జబాన్ సంభాల్‌కే'గా కూడా వచ్చింది. నాకు మాత్రం అది మింగుడుపడదు. తలపాగా పెట్టుకున్నాడనీ, ఇంగ్లీషు సరిగ్గా రాదనీ ఒక మనిషిని చూసి నవ్వడం ఇవాళ మనం వద్దంటున్న దాంట్లోకే వస్తుంది.

మిగతావి ఎందుకు నిలిచాయో చూస్తే నాకు కనిపించిన కారణం రచన. ఒకరో ఇద్దరో రచయితలు కూర్చుని, తమకి బాగా తెలిసిన మనుషుల గురించి తీరిగ్గా రాశారు. 'ఓన్లీ ఫూల్స్' మొత్తం జాన్ సల్లివన్ ఒక్కరే రాశారు. చాలావరకు ఒక సిరీస్‌కి ఆరేడు భాగాలు, ఒక్కోటి అరగంట. రెండు మూడు గదుల సెట్టు వేసి, చాలావాటిని ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి చిత్రీకరించారు.

ఇదంతా చదువుతుంటే మన పరిషత్తు నాటిక గుర్తుకు రావడం లేదూ? ఒకే సెట్టు, నలుగురైదుగురు పాత్రధారులు, ఎదురుగా జనం. ఏటా పరిషత్తు పోటీల కోసం కొత్త నాటికలు రాసేవాళ్ళు, ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రుళ్ళు రిహార్సల్స్ వేసేవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. మాట ఎక్కడ ఆపితే జనం నవ్వుతారో వాళ్ళకి తెలుసు. టీవీలో వాళ్ళకి చోటు లేదు. తెలుగువాళ్ళు ఇలాంటివి చూడరనడానికీ వీల్లేదు. 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం' కూడా ఓ చిన్న హోటల్ చుట్టూ తిరిగే కథే. ఇప్పటికీ ఇళ్ళలో దాన్ని తలుచుకుని నవ్వుకుంటున్నారు.

ప్రైవేటు చానళ్ళకి రేటింగుల టెన్షన్ ఉంటుంది, వాళ్ళు ముందుకు రాకపోవచ్చు. దూరదర్శన్ ప్రజల డబ్బుతో నడిచే సంస్థ. బీబీసీ కూడా ఇంటింటి నుంచీ వసూలు చేసే లైసెన్సు రుసుముతోనే నేను మెచ్చుకున్న ఈ సీరియళ్ళు తీసింది. కాబట్టి విజయవాడ సప్తగిరి, హైదరాబాద్ యాదగిరి కేంద్రాల్ని నేను అడిగేది ఇది: అరగంట చొప్పున ఆరు భాగాల హాస్య రచనలు కావాలని బహిరంగ ప్రకటన ఇవ్వండి. తహసీల్దార్ ఆఫీసో, అపార్ట్‌మెంట్ సంఘమో, బస్ డిపోనో, రచయితకి తెలిసిన చోటు ఏదైనా సరే. ఎంపికైనవాళ్ళకి పారితోషికం ముందే ఇచ్చి, రాయడానికి కనీసం ఆర్నెల్లు గడువివ్వండి. ఆరు భాగాలూ పూర్తయ్యాకే చిత్రీకరణ మొదలుపెట్టండి. రచయిత పేరు ప్రతి భాగం మొదట్లోనే పడాలి. జనం బాగుందన్నారని అరవై భాగాలకి సాగదీయొద్దు.

ఈ లేఖ ప్రతిని రెండు కేంద్రాలకూ విడిగా పంపుతున్నాను. పరిషత్తుల్లో రాసే మిత్రులు కూడా తమ తరఫున రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి,
కాకినాడ