తోటల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా బైండ్‌వీడ్‌తోనే

గౌరవ సభ్యులకు నమస్కారం.

జమాఖర్చుల పట్టిక ఇదివరకే అందరికీ అందింది, సర్వసభ్య సమావేశం ఆమోదించింది. విత్తనాల పంపిణీ, నీటి గొట్టాల మరమ్మతు అనుకున్నట్టే జరిగాయి. మిగతా శ్రమంతా బైండ్‌వీడ్ అనే ఒక్క కలుపు తీగే మింగేసింది కాబట్టి ఈ నివేదికలో సింహభాగం దానిదే.

బైండ్‌వీడ్ శాస్త్రీయ నామం కన్వాల్వులస్ ఆర్వెన్సిస్. చిలగడదుంప కుటుంబమే. బాణం మొనలాంటి ఆకులు, తెలుపు లేదా లేత గులాబీ రంగు గరాటు పూలు. పూలు అందంగానే ఉంటాయి, తేనెటీగలూ వాలతాయి. ఉండనిద్దామన్న కొందరి మాట కొట్టిపారేసేదేమీ కాదు. అయితే దీని గింజ నేలలో 20 ఏళ్లకు పైగా మొలకెత్తే శక్తితో ఉండగలదు. అందుకే కాయ కట్టకముందే కోసెయ్యాలని కార్యవర్గం తీర్మానించింది.

"పీకిన చోటే మళ్లీ వచ్చింది, మీరు చేసిందేంటి?" ఈ ఏడాది ఎక్కువగా విన్న ఫిర్యాదు ఇదే. రాకుండా ఎలా ఉంటుంది? వేరు 6 మీటర్ల లోతు దాకా పోగలదు, మన చేతికి వచ్చేది పైకొస మాత్రమే. 5 సెంటీమీటర్ల వేరుముక్క మిగిలినా కొత్త మొక్క లేస్తుంది. రోటవేటర్ తోలిద్దామన్న ప్రతిపాదనను ఒప్పుకోనిది అందుకే: అది వేరును ముక్కలు చేసి మడంతా నాటిపెడుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కూడా వద్దన్నాం. కూరమొక్కలను అల్లుకున్న తీగ మీద కొడితే కూరమొక్కలూ పోతాయి.

మనం పట్టుకున్న దారి వేరును పస్తు ఉంచడం. ఆకులు చేసిన ఆహారమే వేరులో నిల్వ ఉంటుంది. రెండు మూడు వారాలకోసారి చిగురును నేలమట్టానికి కోస్తూ పోతే ఆ నిల్వ కరుగుతుంది, తిరిగి నిండదు. వదలకుండా కోసిన మడుల్లో తీగ ఇప్పటికే సన్నబడింది. మధ్యలో వదిలేసిన మడుల్లో ఎప్పటిలాగే ఉంది. ఊరికి వెళ్లేవారు పక్క మడివారికి అప్పజెప్పి వెళ్లాలి.

టమాటా కాండానికి చుట్టుకున్న తీగను లాగకండి, మొక్క విరుగుతుంది. తీగను మొదలు దగ్గర కోసి, పైభాగం వాడిపోయాక విప్పండి. అది గడియారపు ముల్లుకు ఎదురు దిశలో చుట్టుకుంటుంది. వేళ్లను ఎండలో పూర్తిగా ఎండబెట్టకుండా కంపోస్టు గుంతలో వేయొద్దు.

కంచె మీద పెద్ద తెల్లపూలతో ఉన్నది దీని బంధువు, కాలిస్టీజియా సెపియం. నేలలో పాకే దాని తెల్లటి కాడలు చాలావరకు పైపొరలోనే ఉంటాయి. మట్టిని గుల్ల చేసి ఓపికగా ఏరితే వచ్చేస్తాయి.

తీగకు వెలుతురు అందకుండా ఖాళీ మడులపై పరిచిన నల్ల షీట్లను వచ్చే ఏడాదీ తీయరాదు. కోత వంతుల పట్టిక నోటీసు బోర్డుపై ఉంది. పేరు లేనివారు కార్యాలయంలో రాయించుకోగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి